తుపాకికి నామకరణము

ఆయుధము పట్టిన దళమును, దానిని దించుమని చట్టము కోరినప్పుడు, "దింపము" అని అది సూటిగా బదులు చెప్పుట మిక్కిలి యరుదు. అట్లు చెప్పినచో దాని స్వరూపము లోకమునకు తెలిసిపోవును. కావున అది మొదట తన పేరు మార్చుకొనును. పిమ్మట తన తుపాకికి పేరు మార్చును. రక్షణ మనును, గౌరవ మనును, ప్రతిఘటన మనును. పేరు మారిన తరువాత చట్టము దానిని పట్టుకొనజాలదు; ఏలయన చట్టములో వ్రాసియున్నది పాతపేరు. ఈ విద్య యెట్లు సాగునో తెలిసికొనుటకు లెబనాను దేశపు చరిత్రను మించిన పాఠ్యపుస్తకము మాకు కనబడలేదు. ఆ దేశము మనకు దూరమైనదే. అయినను 1998వ సంవత్సరము మొదలు మన భారతసైనికులు ఐక్యరాజ్యసమితి నీలిటోపీలు ధరించి దాని దక్షిణపు సరిహద్దున కావలి కాసిన సంగతి చదువరులలో ననేకు లెరుగుదురు.

లెబనానులో 1975 మొదలు 1990 వరకు అంతర్యుద్ధము జరిగెను. క్రైస్తవులకు దళములు, డ్రూజులకు దళము, షియాలకు దళములు, పాలస్తీనా శరణార్థులకు దళములు. 1989 అక్టోబరులో ఆ దేశపు శాసనసభ్యులు సౌదీ అరేబియాలోని తాయిఫు నగరమున కూడి యొక ఒడంబడిక వ్రాసికొనిరి. దేశములోని మిలిషియా లన్నియు, స్వదేశీయులవైనను పరదేశీయులవైనను, రద్దు కావలెననియు, వాని యాయుధములు ఆరు మాసములలో ప్రభుత్వమునకు చేరవలెననియు అందులో నొక షరతు కలదు. 1991లో పెద్దదళములు చాలవరకు తమ భారీ ఆయుధముల నప్పగించినవి. అప్పగింపనిది హిజ్బుల్లా.

అది తప్పించుకొన్న తీరు గమనింపదగినది. ఒడంబడికలో "మిలిషియా" అను మాట యున్నది. మేము మిలిషియా కాము, "ముకావమ" అని అది పలికినది. అరబ్బీ భాషలో ముకావమ యనగా ఎదిరించి నిలుచుట, ప్రతిఘటనము. ఆ నాళ్లలో లెబనానుపై పెత్తనము చేయుచుండిన సిరియా పాలకులకు ఈ యర్థము మిక్కిలి హితముగా నుండెను. బీరూటు మంత్రులు తలలూపిరి. ఒక శబ్దార్థ నిర్ణయముచేత నొక సేన చట్టమునకు వెలియై నిలిచినది.

ఆ దినములలో ఆ మాటయందు సత్యము లేకపోలేదు. ఇజ్రాయేలు 1978లోను, మరల 1982లోను లెబనానుపై దండెత్తి, దక్షిణపు పట్టీని తన చేతిలో నుంచుకొన్నది. అచ్చటి షియా రైతులను బీరూటు ప్రభుత్వము తరతరములుగా నిర్లక్ష్యము చేసినది. వారికి బడి లేదు, బాట లేదు, వైద్యము లేదు. ప్రభుత్వసైన్యము నిలువని యూళ్లలో ఎవరో యొకరు నిలిచిరి. మేము దానిని తక్కువచేసి చెప్పబోము. 2000వ సంవత్సరము మే 24వ తేదీన ఇజ్రాయేలు సేనలు వెడలిపోయినవి. వెడలిపోయిన మాట నిజమేయని జూను మాసములో ఐక్యరాజ్యసమితి ధ్రువపరచినది. ఏ కారణముచేత ఆయుధము పట్టితి మనిరో ఆ కారణము తీరినది. మరి యాయుధమో?

మా న్యాయశాస్త్రమున నిగ్రహస్థానములని 22 కలవు. అనగా వాది యోడినట్లు సభ నిర్ణయించు స్థలములు. వానిలో హేత్వంతర మొకటి. చెప్పిన హేతువు చెల్లదని తేలగానే దానికి మరియొక విశేషణము తగిలించి, వేరు హేతువుగా మార్చి చూపుట. తర్కసభలో నిట్లు చేసినవాడు ఓడినట్లు లెక్క. రాజకీయసభలో నతడు గెలిచినట్లు లెక్క. 2000వ సంవత్సరమున షెబా పొలము లను హేత్వంతరము పుట్టినది. అది సుమారు 25 చదరపు కిలోమీటర్ల కొండనేల, మన దేశమున నొక పెద్ద గ్రామపు పొలిమేరపాటిది. 1967లో ఇజ్రాయేలు దానిని సిరియావారి గోలను కొండలతోపాటు పట్టుకొన్నది. అది సిరియా భూమియని ఐక్యరాజ్యసమితి లెక్క; కాదు, మాదేయని లెబనానువారి వాదము. వాదము న్యాయమైనదే కావచ్చును. కాని పటములు పరచి, సాక్ష్యములు చూపి, రెండు ప్రభుత్వములు సంతకములు చేసి తీర్పవలసిన సరిహద్దు తగవునకు నొక కక్షివారి సొంతసేన ఏల?

2004 సెప్టెంబరు 2వ తేదీన భద్రతామండలి 1559వ తీర్మానము చేసినది. మిలిషియాలన్నియు ఆయుధములు విడువవలెనని దాని సారము. మరల పాత సమాధానమే: ఆ మాట మాకు వర్తింపదు. 2006 మార్చిలో నాయకులందరు జాతీయ సంభాషణమని యొక బల్లచుట్టు కూర్చుండిరి. అచ్చట ఆయుధముల ప్రశ్నకు "దేశరక్షణ వ్యూహ" మని క్రొత్త పేరు పెట్టబడెను. ఆయుధము లెప్పు డిత్తురని యడుగుట అమర్యాద. వ్యూహ మేదియని చర్చించుట మర్యాద. సంఘములలో పనిచేసిన మన గృహస్థులకు ఈ మర్మము వివరింపనక్కర లేదు. జరుగరాదనుకొన్న పనిని ఉపసంఘమునకు పంపుదుము. 2025లో సయితము, ముందు వ్యూహము, తరువాత ఆయుధములు, అనియే హిజ్బుల్లా నాయకుడు నయీము కాసిము ప్రసంగించుచుండెను.

ఆ సంభాషణ యింకను సాగుచుండగానే, 2006 జూలై 12న హిజ్బుల్లా సరిహద్దు దాటి యిద్దరు ఇజ్రాయేలు సైనికులను పట్టుకొన్నది. 34 దినముల యుద్ధము వచ్చి లెబనానులో వేయిమందికి పైగా చచ్చిరి. తమకా సంగతి తెలియదని ఆ దేశపు మంత్రివర్గము ప్రకటించినది. అంతటి యుద్ధము వచ్చునని ముందు తెలిసియున్నచో ఆ పని చేసియుండమని, ఆగస్టులో హసను నస్రల్లా తానే యొప్పుకొనెను. ఒక దేశము యుద్ధమునకు పోవలెనా వలదా యను నిర్ణయము శాసనసభలో కాక, ఎవ్వరును ఎన్నుకొనని యొక సమితి గదిలో జరిగినది. జరిగిన పిమ్మట దేశమంతయు దానికి వెల చెల్లించినది. ఆయుధ మెవరి చేతిలో నుండవలె నను ప్రశ్నకు మూల మిదియే. తుపాకి యెంతో యుత్తమమైన కారణమునకే యుండనిండు. దానిని ప్రేల్చు వేళ నిర్ణయించువా డెవడు?

2008 మే నెలలో తెర పూర్తిగా తొలగినది. హిజ్బుల్లా సొంతముగా వేసికొన్న టెలిఫోను తీగలను తీసివేయవలెననియు, విమానాశ్రయపు రక్షణాధికారిని మార్చవలెననియు మంత్రివర్గము నిర్ణయించెను. తుపాకు లడుగలేదు, తీగలే యడిగిరి. అది తమపై యుద్ధప్రకటనయని నస్రల్లా ప్రసంగించెను. ఆయుధమును రక్షించుకొనుటకు ఆయుధమునే వాడుదుమని చెప్పెను. మే 7వ తేదీన మొదలిడి ఒకటిరెండు దినములలో ఆ దళమువారు, వారి మిత్రులు, పశ్చిమ బీరూటు వీథుల నాక్రమించిరి. శత్రువుపైకి కాని యెత్తము అని యిరువదేండ్లు చెప్పిన తుపాకి పొరుగింటివానిపైకి లేచినది. మంత్రివర్గము తన నిర్ణయములను వెనుకకు తీసికొన్నది. దోహా నగరమున రాజీ జరిగినది. ఆ రాజీలో హిజ్బుల్లా పక్షమునకు మంత్రివర్గ నిర్ణయముల నాపగల బలము దొరికెను. మరుసటి యేట నస్రల్లా ఆ మే 7ను మహోజ్జ్వలమైన దినముగా కొనియాడెను. ఆయుధమును రక్షించుటకు ఆయుధము! ఇన్ని హేతువులు చెప్పిన పిమ్మట నోట వెడలిన ఈ హేతువొక్కటే నిష్కపటమైనదని మా తలంపు.

దాని ననుసరించి 2008, 2009 సంవత్సరముల మంత్రివర్గ ప్రకటనలలో సైన్యము, ప్రజలు, ప్రతిఘటనము అను మూడు మాటలు జంటగా నిలిచినవి. వ్యాకరణము చెప్పుకొని బ్రతుకువారము గనుక మాకిది మరింత స్పష్టముగా కనబడుచున్నది. ఇది ద్వంద్వసమాసము. ద్వంద్వమున పదములన్నియు సమప్రధానములు. ఒకటి మరియొకదానికి లోబడదు. ప్రజలకు సైన్యము లోబడవలెను, సైన్యము తప్ప వేరు సేన యుండరాదు అనునది న్యాయమై యుండగా, మూడింటిని ఒక వరుసలో పేర్చినంతనే లోబడుట యను మాట మాయమైనది. ఈ సమాసము కట్టినవారు హిజ్బుల్లావారు మాత్రమే కారు. తమ పదవులు నిలుపుకొనుటకై దానిపై చేవ్రాలు చేసిన యెదుటికక్షి మంత్రులను మేము అంతకంటె నెక్కువగా నిందింతుము.

2012 జూనులో, పరదేశముల కలహములలో తలదూర్చరాదని బాబ్దా రాజభవనమున అన్ని కక్షులవారు కలిసి ప్రకటించిరి. ఏడాది తిరుగకమునుపే హిజ్బుల్లా యోధులు సిరియాలోని కుసైరు పట్టణమున పోరాడుచుండిరి. ఎవరిపై? ఇజ్రాయేలుపై కాదు, తమ పాలకునిపై తిరుగబడిన సిరియనులపై. హేతువు సిద్ధముగనే యుండెను: ప్రతిఘటనమునకు వెన్ను కాయుచున్నాము. 2023 అక్టోబరు 8న గాజాకు తోడ్పాటని మరియొక రంగము తెరచిరి. అప్పుడును మంత్రివర్గము నెవ్వరు నడుగలేదు. 2024 నవంబరు 27న యుద్ధవిరామము కుదురువరకు లెబనానులో చచ్చినవారు సుమారు 4,000 మందియని ఆ దేశపు ఆరోగ్యశాఖ లెక్క. నస్రల్లాయు సెప్టెంబరు 27న హతుడయ్యెను.

మా మిత్రులు కొందరు, సామ్రాజ్యవాదము నెదిరించువారిపట్ల సహజమైన ఆదరము గలవారు, మాపై కినుకతో నిట్లందురు: "ఇజ్రాయేలు బాంబులు వేయుచుండగా బలహీనుని చేతి కర్ర లాగికొమ్మందురా?" ఈ యాక్షేపమును మేము తేలికగా త్రోసివేయము. విరామము కుదిరిన తరువాతను ఇజ్రాయేలు 2025లో అయిదు గుట్టలపై తన సైనికులను నిలిపియుంచినది, ఆ యేడంతయు దాడులు చేసినది. ఇది అన్యాయము, అంతేకాదు, ఆయుధము విడువనొల్లనివారికి ఇంతకంటె సాయము చేసిన మిత్రుడు లేడు. కాని ఆ కర్ర చేసిన పని యేమి? ఆయుధము లేకున్న శత్రువు వచ్చుననిరి. ఆయుధ ముండగానే శత్రువు వచ్చెను. వచ్చెను గనుక ఆయుధ మింకను కావలెననిరి. మా బడిలో నొక కుర్రవాడు వాన కురిసిన వాన యనియు, కురియకున్న నెండ యనియు చెప్పి రెండు దినములు రాకుండెను. వానిని మందలించితిమే గాని వాని తర్కమును మెచ్చుకొనలేదు. ఏది జరిగినను తన పక్షమునకే సాక్ష్యమగు వాదము వాదము కాదు.

ప్రభుత్వసైన్యము బలహీనమను మాటయు నట్టిదే. 2019లో మొదలైన ఆర్థికసంక్షోభమున ఆ సైనికుని నెలజీతపు విలువ నూరు డాలర్లకు లోబడిపోయినది, నిజమే. అయినను యుద్ధము చేయుటకు వేరొక సేన యున్నచోట, ఆ సైన్యమును బలపరుపవలెనను పట్టుదల యెవరికి? సైన్యము బలహీనము గనుక మిలిషియా. మిలిషియా కలదు గనుక సైన్యము బలహీనము. ఈ చక్రమున నెక్కడనో యొకచోట చేయి పెట్టి యాపవలెను. 2025లో ఆపుటకు యత్నము జరిగినది. జనవరి 9న అధ్యక్షుడైన జోసెఫు ఔను ఆయుధధారణము ప్రభుత్వమున కొక్కదానికే చెల్లునని తొలి ప్రసంగముననే చెప్పెను. నవాఫు సలాము మంత్రివర్గపు ప్రకటనలో ఆ త్రిపదసమాసము కానరాలేదు. ఆగస్టు 5న, ఏడాది కడపటికి ఆయుధములన్నియు ప్రభుత్వాధీనమగునట్లు పథకము వ్రాయుమని మంత్రివర్గము సైన్యము నాజ్ఞాపించెను. ఆ నిర్ణయము లేనట్లే భావింతుమని హిజ్బుల్లా మరునాడే ప్రకటించినది. విరామపు షరతులు లితానీ నదికి దక్షిణమునకే వర్తించునట! పత్రమున నున్నది దక్షిణముతో "మొదలుపెట్టి" యను మాట. మొదలుపెట్టుటకును ముగించుటకును భేదము తెలియని పండితులు వారిలో లేరని మేము నమ్మము. ఆయుధ మడుగువారు శత్రువు పని చేయుచున్నారనియు, అవసరమైన కర్బలావలె పోరుదుమనియు కాసిము పలికెను. ఏ షియా గృహమునను కర్బలా పేరు వినినప్పుడు కన్ను చెమర్చకుండదు. ఆ కన్నీటిని గిడ్డంగిలోని రాకెట్లకు కావలి పెట్టుట మాకు మిక్కిలి బాధ కలిగించినది.

ఇట్టి చిక్కు విడివడదని నిరాశ చెందువారు ఉత్తర ఐర్లండు సంగతి చదువవలెను. అచ్చట 1998 ఒడంబడికలో ఆయుధవిసర్జనకు రెండేండ్లు గడువు పెట్టిరి. ఐరిషు రిపబ్లికను సైన్యము ఏడేండ్లు తీసికొన్నది. అచ్చటను మాటలపైననే పెనుగులాట. "లొంగుబాటు" అన్న వారు మండిపడుదురు. కావున ఆంగ్లమున ముసలి యుద్ధనౌకను కొలువునుండి తప్పించునప్పుడు వాడు "డీకమిషనింగు" అను మాటను తెచ్చి పెట్టిరి. ఛాయాచిత్రములు తీయవలెనని యెదుటివారు పట్టుపట్టిరి. అవమానమని వీరు త్రోసిపుచ్చిరి. చిట్టచివర కెనడా సేనాని జాను డి షాస్టెలెయిను, ఆయనతోపాటు నొక కాథొలిక్కు గురువును నొక ప్రొటెస్టెంటు గురువును సాక్షులుగా, ఆయుధములు పనికిరాకుండ చేయబడుటను కన్నులార చూచిరి. 2005 సెప్టెంబరు 26న లోకమునకు చెప్పిరి. అచ్చటను పేరు మార్చిరి. కాని ఆ పేరు తుపాకి వెడలిపోవుటకు తలుపు తెరచినది. తాయిఫు తరువాతి పేరు తుపాకి లోపలనుండగా తలుపు మూసినది.

లెబనానువారికిని అట్టి గౌరవమైన మాట నొకదానిని వెదకి యిచ్చుట కెవ్వరికి నభ్యంతర ముండనక్కర లేదు. అప్పగింత యనవలదు, లొంగుబాటు అనవలదు. జాతీయసైన్యములో విలీనమనుడు, దక్షిణమున చచ్చిన యువకుల తల్లులకు పింఛను లిండు, ఆ యూళ్లలో కూలిన యిండ్లు ప్రభుత్వమే కట్టించునట్లు చేయుడు, ఆ గుట్టలనుండి ఇజ్రాయేలు తొలగవలెనని లోకమెల్ల నొత్తిడి చేయనిండు. కాని మాటతోపాటు మేము తేదీ నడుగుదుము. గిడ్డంగుల జాబితా నడుగుదుము. ఆ యిద్దరు గురువులవలె, కన్నులార చూచితిమని సంతకము చేయువారి నిద్దరి నడుగుదుము.