గేములకూ బెనిఫిట్ షోలు

‘డెత్ స్ట్రాండింగ్-2’ వీడియో గేము విడుదల తేదీ 2025 జూన్ 26. కానీ డీలక్స్ ఎడిషన్ కొన్నవాళ్లు రెండు రోజుల ముందే, జూన్ 24నే ఆడేశారు. మామూలు ఎడిషన్ ధర 70 డాలర్లయితే డీలక్స్ ఎడిషన్ 80 డాలర్లు. ఆ పది డాలర్లకు గేములో కొన్ని అదనపు హంగులు ఇచ్చారు కానీ అసలు అమ్మింది ఆ 48 గంటలనే. అందరికంటే ముందు చూశానని చెప్పుకునే అవకాశానికి ఎంత గిరాకీ ఉంటుందో తెలుగువాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 2024 డిసెంబర్ 4 రాత్రి తొమ్మిదిన్నర బెనిఫిట్ షోకు ‘పుష్ప-2’ టికెట్‌ను 800 రూపాయలకు అమ్ముకోవచ్చని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే అనుమతిచ్చింది. జీఎస్టీ దానికి అదనం. సినిమా విడుదలేమో మర్నాడు.

ఆ రాత్రే హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావు అంచుల దాకా వెళ్లాడు. తర్వాత తెలంగాణ ముఖ్యమంత్రి, ఇకపై బెనిఫిట్ షోలకు అనుమతి ఉండదని అసెంబ్లీలోనే ప్రకటించారు. గేముల బెనిఫిట్ షోలో తొక్కిసలాట భయం లేదు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఆడతారు. జేబు మాత్రం అదే పద్ధతిలో ఖాళీ అవుతుంది.

‘డెత్ స్ట్రాండింగ్-2’ ఊసు తెలుగు పత్రికలో ఎత్తడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ గేములో దర్శకుడు రాజమౌళి ఉన్నారు. ‘ఆర్ఆర్ఆర్’ను జపాన్‌లో విడుదల చేయడానికి 2022 అక్టోబర్‌లో వెళ్లినప్పుడు ఆయన, కొడుకు కార్తికేయ కలిసి ఆ గేము తయారుచేసిన హిడియో కోజిమా స్టూడియోకు వెళ్లారు. అక్కడ వాళ్ల ముఖాలను స్కాన్ చేశారు. గేములో హీరో వీపున సరుకుల మూటలు మోసుకుంటూ ఒక్కో స్థావరానికి చేరవేస్తుంటాడు. అలా సరుకు అందుకునే మనుషుల్లో ‘అడ్వెంచరర్’ రాజమౌళి, అతని కొడుకు కార్తికేయ. గేము బయటికి రాగానే ఆ క్లిప్పులు తెలుగు సోషల్ మీడియాను చుట్టేశాయి. కోజిమాకు ఇక్కడ దొరికిన ప్రచారం పైసా ఖర్చు లేనిది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, ముచ్చటగానే ఉంది. అయితే అదే గేములో తెలుగు సబ్‌టైటిల్ కోసం వెతికితే ఒక్క ముక్క కనిపించదు. మన దర్శకుడి ముఖం పనికొచ్చింది. మన భాష వాళ్ల లెక్కలోకే రాలేదు.

సీక్వెల్‌ను ఎలా అమ్మాలన్న విషయంలో మాత్రం కోజిమాయే రాజమౌళి దగ్గర నేర్చుకోవాలి. ‘బాహుబలి’ మొదటి భాగం 2015 జూలై 10న వచ్చింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ఒక్క ప్రశ్న మిగిల్చి తెర దించారు. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చేదాకా, అంటే దాదాపు 22 నెలలు, ఆ ప్రశ్నే హోర్డింగు, అదే ట్రైలర్. దాన్ని జనమే మోశారు. టీకొట్ల దగ్గర, పెళ్లిళ్లలో, ఎన్నికల ఎత్తిపొడుపుల్లో కూడా కట్టప్ప పేరు నలిగింది. విడుదల దగ్గరపడ్డాక హిందీలో మొదటి భాగాన్ని మళ్లీ థియేటర్లలో వేశారు. బెంగళూరు కంపెనీ మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ అదే ఏప్రిల్‌లో బాహుబలి పేరుతో మొబైల్ గేము తెచ్చింది. చిప్పుల కంపెనీ ఏఎండీతో కలిసి ఒక వర్చువల్ రియాలిటీ అనుభవాన్ని కూడా తయారుచేశారు. అప్పట్లో ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి మనవాడే, రాజా కోడూరి.

ఇక్కడొక తేడా గమనించాలి. ‘బాహుబలి’ ప్రశ్నకు జవాబు రెండో భాగంలో నిజంగానే ఉంది. జనం చెల్లించిన టికెట్టుకు సరుకు దొరికింది. నిరీక్షణను అమ్మడం తప్పు కాదు. ఆ నిరీక్షణ చివర ఏముందో చూపించకుండానే డబ్బు లాగేయడం దగ్గరే పేచీ.

వీడియో గేముల్లో నిరీక్షణను అమ్మడంలో రాక్‌స్టార్ కంపెనీని మించినవాళ్లు లేరు. ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో-5’ 2013 సెప్టెంబర్ 17న వచ్చి మూడు రోజుల్లో వంద కోట్ల డాలర్లు రాబట్టింది. ఇప్పటికి 21 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. ఆరో భాగం తొలి ట్రైలర్ 2023 డిసెంబర్‌లో వచ్చింది, అదీ ముందే లీకవడంతో అనుకున్న సమయం కంటే ముందు వదలాల్సి వచ్చింది. ఆ తర్వాత 17 నెలల పాటు కంపెనీ కొత్తగా చూపించిందేమీ లేదు. ఆ మౌనంలోనే అభిమానులు ట్రైలర్‌ను ఫ్రేము ఫ్రేముగా కోసి పరిశోధనలు చేశారు. కారు నంబరు ప్లేట్లలోనూ చంద్రుడి ఆకారంలోనూ విడుదల తేదీ వెతికారు. రెండో ట్రైలర్‌ను 2025 మే 6న పడేస్తే, అన్ని వేదికల మీదా కలిపి ఒక్క రోజులో 47.5 కోట్ల సార్లు చూశారని కంపెనీ చెప్పుకుంది. తేదీ మాత్రం జరుగుతూనే వచ్చింది. మొదట 2025 చివర అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, 2025 నవంబర్‌లో దాన్నీ మార్చి 2026 నవంబర్ 19 అన్నారు.

వాయిదా వేసినందుకు తిట్టిపోయడం తేలిక. ‘పుష్ప-2’ కూడా 2024 ఆగస్టు 15 నుంచి డిసెంబర్‌కు జరిగిందే. సగం ఉడికినదాన్ని వడ్డించడం కంటే వాయిదాయే నయం. ఉడకనిది వడ్డిస్తే ఏమవుతుందో ‘సైబర్‌పంక్ 2077’ చూపించింది. అది సీక్వెల్ కాదు కానీ ‘విచర్-3’ తీసిన స్టూడియో నుంచి వస్తోందన్న నమ్మకం మీదే అమ్ముడుపోయింది. 80 లక్షల మంది గేమును చూడకుండానే ముందస్తుగా కొన్నారు. 2020 డిసెంబర్ 10న విడుదలయ్యాక పాత ప్లేస్టేషన్-4లో అది అడుగడుగునా ఆగిపోయింది. వారం తిరిగేసరికి సోనీ తన స్టోరు నుంచి దాన్ని తీసేసి, అడిగినవాళ్లకు డబ్బు వాపసు ఇస్తానంది. పాత యంత్రాల మీద గేము ఎలా నడుస్తుందో విడుదలకు ముందు జనానికి సరిగా చూపించలేదు. పోస్టరు మీదున్న హీరో తెర మీద కనిపించకపోతే మన ప్రేక్షకుడు కుర్చీలు విరగ్గొడతాడు. ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా కూర్చున్న ఆటగాళ్లకు ఆ దారి లేదు.

దీనికి పూర్తి వ్యతిరేక దిశలో వెళ్లి నెగ్గినవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ముగ్గురు మనుషుల చిన్న బృందం, పేరు టీమ్ చెర్రీ. తమ ‘హాలో నైట్’కు సీక్వెల్‌గా ‘సిల్క్‌సాంగ్’ చేస్తున్నామని 2019 ఫిబ్రవరిలో చెప్పారు. ఆరేళ్లు గడిచాయి. 2025 ఆగస్టు 21న ఉన్నట్టుండి, సెప్టెంబర్ 4న విడుదల అన్నారు. రెండంటే రెండు వారాల ప్రచారం. డీలక్స్ ఎడిషన్ లేదు, ముందు రోజు ఆట లేదు, ధర 20 డాలర్లు. విడుదలైన గంటలో జనం ఎగబడి స్టీమ్, నింటెండో స్టోర్లు కుప్పకూలాయి. వందల కోట్ల ప్రచార బడ్జెట్ లేకపోతే సీక్వెల్ ఆడదనే వాదనకు ఆ ముగ్గురు చెప్పిన జవాబు అది.

ఇంత హడావుడి అచ్చంపేట దాకా ఎలా చేరుతుంది? పల్నాడు జిల్లాలో కృష్ణ ఒడ్డున మిర్చి, పత్తి పండించే మండలం అది. భారత్‌లో ప్లేస్టేషన్-5 డిస్క్ మోడల్ ధర చాలాకాలం 54,990 రూపాయలు. సోనీ పెద్ద గేములు ఒక్కొక్కటి ఐదు వేల దరిదాపుల్లో ఉంటాయి. 2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో మిర్చి ధర కూలినప్పుడు కేంద్రం ఆదుకుంటామని ప్రకటించిన ధర క్వింటాకు 11,781 రూపాయలు. ఆ లెక్కన ఒక ప్లేస్టేషన్ అంటే నాలుగున్నర క్వింటాళ్లకు పైగా ఎండుమిర్చి. కోత కూలీ, పురుగుమందు, కౌలు తీసేయకముందు లెక్క ఇది. ఏ తండ్రీ ఆ బేరానికి ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

అలాగని అక్కడి కుర్రాడికి గేముల విడుదల తెలియదనుకోవద్దు. అతని ప్రపంచం ఫోనులో ఉంటుంది. వేళ్లకు ఫింగర్ స్లీవ్‌లు తొడుక్కుని, అరచేతికి సెగ తగిలేంత వేడెక్కిన ఫోనులో బీజీఎంఐ ఆడతాడు. కొత్త అప్‌డేట్ రెండు జీబీలు అడిగితే పెళ్లి ఫోటోలు చెరిపేసి చోటు చేస్తాడు. పబ్జీ మొబైల్‌ను కేంద్రం 2020 సెప్టెంబర్ 2న నిషేధించింది. దాన్నే క్రాఫ్టన్ కంపెనీ పేరు మార్చి, ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ (బీజీఎంఐ)గా 2021 జూలైలో మళ్లీ దించింది. విడుదలకు ముందే రెండు కోట్ల మంది పేర్లు నమోదు చేసుకున్నారని చెప్పింది. 2022 జూలైలో అదీ స్టోర్ల నుంచి మాయమై, మరుసటి మే నెలలో ఆట సమయం మీద పరిమితులతో తిరిగొచ్చింది. ఆడటం ఉచితమే. కానీ తుపాకీ రంగు, చొక్కా డిజైను కోసం పది, ఇరవై, వంద రూపాయలుగా ఇంట్లో యూపీఐ నుంచి జారిపోయే డబ్బు లెక్క ఎవరూ రాయరు. పెద్దింటి పిల్లాడికి డీలక్స్ ఎడిషన్, పల్లెటూరి పిల్లాడికి లక్కీ స్పిన్ లాటరీ. రెండింటి వెనకా ఉన్నది, పక్కవాడికంటే ముందుండాలనే ఆరాటమే.

పెద్ద గేముల పనిలో మనవాళ్లు లేక కాదు. బెంగళూరులో రాజేశ్ రావు 1997లో పెట్టిన ధ్రువ ఇంటరాక్టివ్‌ను రాక్‌స్టార్ 2019లో కొని తన భారత స్టూడియోలో కలుపుకుంది. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు ఆఫీసుంది. దేశంలోని గేము తయారీదారుల వార్షిక సదస్సు ఐజీడీసీ కొన్నేళ్లు వరుసగా ఇదే నగరంలో జరిగింది. మనిషి కావాలి, కోడు కావాలి, బొమ్మ కావాలి. అమ్మకం దగ్గరికొచ్చేసరికి మాత్రం తెలుగు రాష్ట్రాలను మార్కెట్టుగా చూసేవాళ్లు లేరు. హాలీవుడ్ ఈ పొరపాటు ఎప్పుడో దిద్దుకుంది. మార్వెల్ సినిమాలు తెలుగు డబ్బింగ్‌తో వచ్చి మన సింగిల్ స్క్రీన్లలో ఆడాయి. గేమంతటికీ తెలుగు గొంతు పెట్టడం ఖరీదైన పనే, కాదనలేం. సబ్‌టైటిళ్లకు, మెనూలకు అంత ఖర్చవదు. ‘పొదల చాటున నక్కు’, ‘తూటాలు నింపుకో’ అన్న మాటలు తెర మీద తెలుగులో కనిపిస్తే పదో తరగతి పిల్లాడికి కథా అర్థమవుతుంది. ఇప్పుడైతే కాల్పులు మాత్రమే అర్థమవుతున్నాయి.

కాబట్టి గేము కంపెనీలకు చెప్పాల్సింది రెండే. రాజమౌళి ముఖం వాడుకున్నవాళ్లు ఆయన ప్రేక్షకుల భాషను కూడా గేములో చేర్చాలి, ధరను డాలర్‌తో గుణించి కాకుండా ఇక్కడి సంపాదన చూసి పెట్టాలి. కొనేవాళ్లకు చెప్పాల్సింది ఒకటే. ఆరో ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో’ 2026 నవంబర్ 19కే వచ్చినా, మళ్లీ జరిగినా, ముందస్తుగా ఒక్క రూపాయి కట్టకండి. డిజిటల్ కాపీకి స్టాకు అయిపోవడమంటూ ఉండదు. విడుదలయ్యాక వారం ఆగండి, మీ దగ్గరున్న యంత్రం మీదే అది ఎలా నడుస్తోందో ఆడినవాళ్ల వీడియోలు చూడండి, నచ్చితే అప్పుడు కొనండి.