చదవరాని పట్టికకు తనిఖీ ఎవరు చేస్తారు?

ప్రభుత్వ ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు వేచియున్నవారి పట్టిక, ఉపాధి పనికి పేరిచ్చినవారి పట్టిక: పేదవాని బ్రతుకులో ఈ రెండింటిని మించిన కాగితాలు లేవు. ఒకదానిలో వరుస తప్పితే ప్రాణానికి ముప్పు. రెండవదానిలో పేరు తప్పితే పొయ్యి వెలగదు. రెండింటి మీదా ప్రభుత్వ పర్యవేక్షణ ఉన్నదని మంత్రులు శాసనసభలలో సెలవిస్తూనే ఉంటారు. సరిహద్దు జిల్లాల న్యాయస్థానాలలో వాదించే వృత్తిలో ఉన్నాను గనుక, ఆ పర్యవేక్షణ మన ఊళ్ల దాకా వచ్చేసరికి ఏమవుతున్నదో దగ్గరగా చూస్తున్నాను. పట్టిక ఎవరిని గురించినదో వారికి అర్థం కాని లిపిలో ఉన్నంతకాలం, దానిని సరిచూసేది దానిని వ్రాసిన చేయి ఒక్కటే. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చి, ఇల్లు భద్రంగా ఉన్నదని చాటింపు వేయించడం వంటిదిది.

ఈ మాట చెప్పడానికి మనకున్న అర్హత ఇతరులకు లేదు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించినది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. 2005 నాటి ఆ చట్టం 17వ సెక్షను పనుల తనిఖీని గ్రామసభకు అప్పగించింది. కాగితం మీది ఆ అక్షరానికి ఊపిరి పోసినవాటిలో మొదటి రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2006లోనే అక్కడ సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. 2009లో అందుకొక ప్రత్యేక సంస్థ ఏర్పడింది. కూలీల ఇండ్లలో పుట్టిన చదువుకున్న పిల్లలు మస్టరు రోలు చేతబట్టుకొని ఇంటింటికీ వెళ్లి, "అవ్వా, నీ పేరున ఇన్ని రోజులు పని చేసినట్టు వ్రాసి ఉంది, నిజమేనా?" అని తెలుగులో అడిగారు. చనిపోయినవారి పేర్లు, ఊరు విడిచిపోయినవారి పేర్లు బయటపడ్డాయి. మండల కేంద్రంలో ప్రజావేదిక మీద అధికారి ముందే కూలీ నిలబడి చెప్పాడు. తినేసిన సొమ్ములో తిరిగి వసూలైనది తక్కువే, అది వేరే దుఃఖం. అయినా ఆ ప్రశ్నకు జవాబు వచ్చినదంటే కారణం, అది అవ్వకు అర్థమయ్యే భాషలో అడగడమే.

ఆ అనంతపురానికి ఆనుకొని, మూడు వైపులా ఆంధ్ర నేల చుట్టుకొని ఉన్నది కర్ణాటకలోని పావగడ. నేల ఒకటే, కరువు ఒకటే, మాట ఒకటే. గట్టు దాటితే ఆ అవ్వ తన పేరు ఎదుట ఏమి వ్రాసి ఉన్నదో తెలుసుకోలేదు. పావగడ, బాగేపల్లి, హోసూరు, తిరుత్తణి, పర్లాకిమిడి, గుణుపురం, సిరొంచ: ఎక్కడైనా ఇదే కథ. గుణుపురం వైపు సవరలు, కువి మాట్లాడేవారు ఉన్నారు. వారి గతి మనకంటే హీనమని ఇక్కడ చెప్పకపోతే నా వాదానికి నిజాయితీ ఉండదు. వారి మాటకు ఏ కార్యాలయంలోనూ కుర్చీ లేదు.

యంత్రం వచ్చి అంతా చక్కబెడుతుందని కొందరి నమ్మకం. 2023 జనవరి నుండి పనిచోట ఫోనులో ఫోటో తీసి హాజరు ఎక్కించడం తప్పనిసరి చేశారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ వ్రాస్తూ, పనితో సంబంధం లేని ఫోటోలు, ఫోటోకు ఫోటో తీసి ఎక్కించినవి పట్టుబడ్డాయని ఒప్పుకొన్నది. పై నుండి చూసే కన్ను ఎంత పెద్దదైనా, ఊరిలోని మనిషి "ఆ రోజు నేను పనిలో లేను" అని చెప్పేదాకా అబద్ధం అబద్ధమని తేలదు.

ఇక ఆసుపత్రుల సంగతి. ఉపాధి పనికి పేరుకైనా సామాజిక తనిఖీ ఉన్నది. శస్త్రచికిత్స వరుసకు అదీ లేదు. 1996లో సుప్రీంకోర్టు పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి వ్యాజ్యంలో, అత్యవసర స్థితిలోని రోగికి ప్రభుత్వ ఆసుపత్రి సకాలంలో చికిత్స ఇవ్వకపోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కును భంగపరచడమేనని తీర్పు చెప్పింది. రైలు నుండి పడిన వ్యక్తిని పడకలు లేవని ఆసుపత్రి తరువాత ఆసుపత్రి తిప్పి పంపిన ఉదంతమది. అతనికి 25,000 రూపాయల పరిహారం ఇప్పించడమేగాక, ఏ ఆసుపత్రిలో పడక ఖాళీగా ఉన్నదో వెంటనే తెలిసే ఏర్పాటు ఉండాలని కూడా న్యాయస్థానం చెప్పింది. వ్యాజ్యం వేసినది వ్యవసాయ కూలీల సంఘమని గమనించండి. కూలీకి పనిపట్టిక, పడక పట్టిక వేర్వేరు విషయాలు కావని వారు మనకంటే ముందే గ్రహించారు.

పైవారి లెక్కలెంత నమ్మదగినవో 2023లో కాగ్ నివేదిక చూపింది. ఆయుష్మాన్ భారత్ పథకంలో దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులకు ఒకే ఫోను నంబరు, వరుసగా పది తొమ్మిదులు, నమోదై ఉన్నది! ఢిల్లీలో కూర్చున్నవారికి ఇది కనబడడానికి ఏండ్లు పట్టింది. ఊరి గోడ మీద పట్టిక అంటించి చదివి వినిపించి ఉంటే సాయంత్రానికే బయటపడేది.

నాకు తెలిసిన ఒక జిల్లా ఆసుపత్రిలో గర్భసంచి శస్త్రచికిత్సకు పేరిచ్చిన తల్లికి ఒక చీటీ ఇచ్చారు. దానిమీద రాష్ట్రభాషలో ఏదో వ్రాసి ఉంది. మళ్లీ ఎప్పుడు రావాలో చదివి చెప్పడానికి గేటు దగ్గర ఒకడు యాభై రూపాయలు తీసుకొన్నాడు. వరుసలో ముందుకు జరిపిస్తానని మరో అయిదు వందలు. వాడు తెలుగువాడే. ఇది మనవారికి నచ్చని మాటైనా చెప్పక తప్పదు: మన ఊళ్లలో మన భాష తెలియని గుమాస్తా కంటే, మన భాష తెలిసిన దళారీ ఎక్కువ దోచుకొన్నాడు. కూలీల మేస్త్రీ తెలుగువాడు, మస్టరులో దొంగ వేలిముద్ర వేయించినవాడూ తెలుగువాడే. "మనవాడే గదా" అని ఊరుకొన్నాము. ప్రభుత్వం తెలుగులో ఒక బోర్డు పెట్టదు గనుకనే వానికి గేటు దగ్గర దుకాణం నడుస్తున్నది.

చట్టం మన పక్షాన ఉన్నదా? సగం మాత్రమే ఉన్నది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఏ వ్యక్తియైనా తన కష్టనివారణకై రాష్ట్రంలో గాని కేంద్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విన్నపం చేసుకోవచ్చు. జవాబు ఏ భాషలో రావాలో మాత్రం ఆ అధికరణం చెప్పదు. 1961 ముఖ్యమంత్రుల సమావేశం, తాలూకాలోగాని పురపాలక సంఘంలోగాని 15 నుండి 20 శాతం ఉన్న భాషా అల్పసంఖ్యాకులకు ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు వారి భాషలోనూ ప్రచురించాలని అంగీకరించింది. అది అంగీకారమే, శాసనం కాదు; న్యాయస్థానంలో దానిని పట్టుకొని గెలవడం కష్టం. 2005 సమాచార హక్కు చట్టం 6వ సెక్షను ఇంకా విచిత్రం: దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలట. ఢిల్లీ హిందీకి పావగడలో చోటున్నది, పావగడ తెలుగుకు లేదు! అయితే అదే సెక్షనులో, వ్రాయలేనివాడు నోటితో చెబితే దానిని వ్రాతలో పెట్టడానికి సమాచార అధికారి తోడ్పడవలెనని ఉన్నది. 4వ సెక్షను, ప్రభుత్వం తనంతట తాను వెల్లడించే సమాచారంలో స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలంటున్నది. ఈ రెండు పట్టులను మనవారు వాడుకోవడం లేదు.

"తరతరాలుగా ఇక్కడే ఉన్నారు, ఇక్కడి భాష నేర్చుకోండి" అంటారు. నేర్చుకొన్నాము. సంతలో కన్నడం, బడిలో తమిళం, కచేరీలో ఒడియా మాట్లాడుతూనే ఉన్నాము. ఆ భాషలపై మాకు పగ లేదు. వాటి అన్నం తిన్నవాళ్లమే. అరవై ఏళ్ల కూలీతల్లిని మాత్రం, ముందు లిపి నేర్చుకో, తరువాత నీ కూలి లెక్క అడుగు అనడం న్యాయమా? నిజానికి ఆమెకు తెలుగు లిపీ రాకపోవచ్చు. అందుకే బోర్డుతో సరిపెట్టుకొనరాదు, గ్రామసభలో చదివి వినిపించాలి అంటున్నాను. ఇక యానాంలో పాలన తెలుగులోనే నడుస్తుంది గాని, నిర్ణయం తీసుకొనే పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్ల దూరం. బోర్డు మీద తెలుగుంటే సరిపోదనడానికి అదే సాక్ష్యం.

2005 చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు 125 రోజుల పని హామీతో కొత్త చట్టం చేసింది. రాష్ట్రాలు ఖర్చులో ఎక్కువ వాటా భరించాలి. అమలు మొదలైన ఆరు నెలలలో తమ పథకాన్ని తామే రూపొందించుకోవాలి. సామాజిక తనిఖీ అందులోనూ ఉన్నది. పథకం వ్రాసేది బెంగళూరు, చెన్నై, భువనేశ్వర్, ముంబయి గనుక మన విన్నపాలు అక్కడికే వెళ్లాలి. తనిఖీ బృందంలో తెలుగు తెలిసినవారు ఒక్కరైనా ఉండాలి. మస్టరు తెలుగులోనూ చదవాలి, చదివినట్టు గ్రామసభ తీర్మానంలో వ్రాయాలి. ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు పేరిచ్చిన ప్రతివారికి తేదీ, వరుస సంఖ్య ఉన్న రసీదు రెండు భాషలలో ఇవ్వాలి. ఆ వరుసను పేర్లు లేకుండా, సంఖ్యలతో మాత్రమే గోడ మీద వారానికొకసారి అంటించాలి. రోగి గుట్టు బయటపడుతుందన్న సాకు అప్పుడు నిలవదు.

ఈలోగా ప్రతి కుటుంబమూ చేయదగినది ఒకటున్నది. విన్నపాన్ని తెలుగులోనే వ్రాసి, పైన "రాజ్యాంగం 350వ అధికరణం క్రింద" అని పెట్టి, కచేరీలో ఇచ్చి ముద్ర వేసిన నకలు తీసుకోండి. ఒక ప్రతిని భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు పంపండి. తెలుగు కాగితం తీసుకోమని తిప్పి పంపితే, ఎవరు, ఏ తేదీన అన్నారో వ్రాసి ఈ పత్రిక చిరునామాకు పంపండి. వాటిని నేను స్వయంగా చదువుతాను.