శస్త్రచికిత్సకు ముందటి రాత్రి

మారుమూల గూడెమునుండి రహదారివరకు డోలీలోను, అటుపిమ్మట అనంతగిరి ఘాటు మలుపులవెంట అంబులెన్సులోను 100 కిలోమీటర్లకు పైబడి ప్రయాణించి విశాఖపట్టణమునకు చేరిన అరకు ప్రాంతపు రోగి, మరునాటి శస్త్రచికిత్సకు ముందే నిద్రకు దూరమగుచున్నాడు. వార్డులో తెల్లవార్లు ట్యూబులైట్లు వెలుగుచుండును. పక్క మంచమువారి దగ్గు ఆగదు. కువి భాష తప్ప మరొకటి రాని అవ్వకు రేపేమి చేయుదురో చెప్పువారుండరు.

2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ పరిశోధకులు, ఒక రాత్రి నిద్రలేని ఆరోగ్యవంతుల కాళ్లకు వేడి తగిలించి పరీక్షింపగా, మెదడులో స్పర్శను గ్రహించు భాగము మరింత చెలరేగుటయు, బాధను తూచి తగ్గించు భాగములు మందగించుటయు కనబడినవి. శస్త్రచికిత్సకు ముందు నిద్ర చెడినవారికి తరువాత నొప్పి అధికమగుటను పలు పరిశీలనలు గుర్తించినవి. భయమును, వ్యాధిని వేరుపరచి నిద్రలేమి నొక్కదానినే దోషిగా నిలబెట్టుట సులభము కాదన్నది నిజమే. అయినను ఆ రాత్రిని నిర్లక్ష్యము చేయుటకు అది సాకు కారాదు.

కొండవారు నొప్పికి ఓర్తురని కొందరు మెచ్చుకోలుగా అందురు. వారి మూలుగును వినకుండుటకు ఇంతకంటె అనువైన మాట లేదు. అత్యవసరము కాని శస్త్రచికిత్సకు దూరప్రాంత రోగిని ఒకరోజు ముందుగా చేర్చుకొని, పది గంటలకు దీపములు తగ్గించి, వారి భాష తెలిసినవారిచేత ధైర్యము చెప్పించవలెను. మత్తువైద్యుడు రక్తపోటుతోపాటు నిద్రనుగూర్చియు అడిగి, కేసు కాగితముపై వ్రాయవలెను. నిద్రమాత్రలు మాత్రము ఆయన అనుమతిలేక ఈయరాదు. మత్తుమందులతో కలిసినచో అవి శ్వాసను మందగింపజేయవచ్చును.