ఆమోదమూ లేదు, తిరస్కారమూ లేదు

2017 ఏప్రిల్ 16న తెలంగాణ శాసనసభ, శాసనమండలి ఒకే రోజు ఒక బిల్లును ఆమోదించాయి. వెనుకబడిన ముస్లిం వర్గాలకు విద్య, ఉద్యోగాలలో ఉన్న 4 శాతం రిజర్వేషన్‌ను 12 శాతానికి, షెడ్యూల్డ్ తెగల రిజర్వేషన్‌ను 6 నుంచి 10 శాతానికి పెంచడం దాని ఉద్దేశం. బిల్లు రాష్ట్రపతి ఆమోదం కోసం ఢిల్లీకి వెళ్లింది. ఆ ఆమోదం రాలేదు. షెడ్యూల్డ్ తెగల వాటాను 2022లో రాష్ట్ర ప్రభుత్వం వేరుగా ఉత్తర్వు జారీచేసి 10 శాతానికి పెంచుకున్నది. మన వాటా 4 శాతం వద్దనే నిలిచిపోయింది. ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరిన బిడ్డలు నేడు హైస్కూలు చదువులో ఉన్నారు.

ఓటు వేశాం, ప్రతినిధులను గెలిపించాం, సభ ఆమోదించింది. మరి చట్టం ఎందుకు కాలేదు? ఈ ప్రశ్నకు జవాబు రాజ్యాంగంలోని 200, 201 అధికరణాలలో ఉన్నది.

సభ ఆమోదించిన బిల్లు గవర్నర్ సంతకంతోనే చట్టమవుతుంది. ఆయన ఎదుట ఉన్న మార్గాలు మూడు. ఆమోదించవచ్చు. ద్రవ్య బిల్లు కానప్పుడు, పునఃపరిశీలన కోరుతూ సభకు తిప్పి పంపవచ్చు. సభ దానిని మళ్లీ ఆమోదించి పంపితే ఇక ఆమోదం నిరాకరించరాదు. లేదా రాష్ట్రపతి పరిశీలనకు నివేదించవచ్చు. ఈ మూడో మార్గమే మనకు అన్నింటికన్నా ముఖ్యం. రాష్ట్రపతి కేంద్ర మంత్రిమండలి సలహా మేరకు వ్యవహరిస్తారు. సభకు తిరిగి వచ్చిన బిల్లును ఆరు నెలలలో మళ్లీ ఆమోదించి పంపినా, దానికి సమ్మతించి తీరాలన్న నిబంధన 201వ అధికరణంలో లేదు. రాష్ట్ర ప్రజల తీర్పు ఆ విధంగా కేంద్ర ప్రభుత్వ ఇష్టాయిష్టాలకు లోబడిపోతుంది.

ఇది ఒక్క తెలంగాణ అనుభవం కాదు. ప్రభుత్వ కాంట్రాక్టులలో ముస్లింలకు 4 శాతం కేటాయించే కర్ణాటక బిల్లును 2025 ఏప్రిల్‌లో అక్కడి గవర్నర్ రాష్ట్రపతికి నివేదించారు. అదే ఏడాది తెలంగాణ సభ ఆమోదించిన 42 శాతం బీసీ రిజర్వేషన్ బిల్లులు సైతం ఢిల్లీ దారి పట్టాయి.

సుప్రీంకోర్టు ఈ విషయంలో రెండు దిశలలో నడిచింది. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం గవర్నర్‌కు, రాష్ట్రపతికి గడువులు నిర్దేశించి, ఆగిపోయిన 10 బిల్లులకు ఆమోదం లభించినట్లే భావించాలన్నది. నవంబరు 20న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, రాష్ట్రపతి కోరిన అభిప్రాయాన్ని వెల్లడిస్తూ, కోర్టులు గడువు విధించజాలవనీ, అటువంటి భావిత ఆమోదానికి రాజ్యాంగంలో చోటు లేదనీ చెప్పింది. అయితే సభకు తిప్పి పంపకుండా బిల్లును ఊరకే తొక్కిపట్టే హక్కు గవర్నర్‌కు లేదన్నది. కారణం చెప్పకుండా సుదీర్ఘకాలం మౌనం వహిస్తే, ఏదో ఒక నిర్ణయం తీసుకొమ్మని పరిమితంగా ఆదేశించే వీలున్నదన్నది. మనకు మిగిలిన ఆసరా ఈ సన్నని వాక్యమే.

అలాగని ఈ అధికారమే పోవాలని కోరడం తొందరపాటు. 2006లో రాజస్థాన్ మతమార్పిడి నిరోధక బిల్లును నాటి గవర్నర్ ప్రతిభా పాటిల్ మత స్వేచ్ఛకు భంగమన్న కారణంతో సంతకం చేయకుండా తిప్పి పంపారు. మెజారిటీ బలంతో సభ హద్దు మీరినప్పుడు ఆగి ఆలోచించమని చెప్పే చేయి ఒకటి ఉండటం అల్పసంఖ్యాకులకు మేలే. ఆ నిర్ణయానికి కారణం ఉన్నది, ఆ కారణం బయటికి తెలిసింది. 2017 బిల్లు విషయంలో మనకు దక్కనిది ఆ జవాబే. తిరస్కరిస్తే తప్పు ఎక్కడో తెలుస్తుంది, సవరించుకోవచ్చు, న్యాయస్థానంలో వాదించవచ్చు. మౌనంతో వాదించడం ఎవరికి సాధ్యం?

రాష్ట్ర పాలకులను కూడా ప్రశ్నించవలసి ఉన్నది. మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటే బిల్లుకు ఎదురయ్యే చిక్కులు వారికి తెలియనివి కావు. తమిళనాడు 69 శాతం రిజర్వేషన్ చట్టానికి 1994లో రాష్ట్రపతి ఆమోదాన్నీ, 76వ రాజ్యాంగ సవరణ ద్వారా తొమ్మిదో షెడ్యూలులో చోటునూ సాధించుకున్నది. బిల్లును ఢిల్లీకి పంపడంతో బాధ్యత తీరిపోయిందని, ఎన్నికల వేళ దానిని చూపి ఓట్లడగడం మనలను గౌరవించడం కాదు.

ఉన్న 4 శాతం సైతం 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడలోనే నిలిచి ఉన్నదని మరువరాదు. కనుక మన కోరిక స్పష్టంగా ఉండాలి. సభ ఆమోదించిన ప్రతి బిల్లుపై సత్వర నిర్ణయం జరగాలి. కాదన్నప్పుడు కారణాన్ని లిఖితపూర్వకంగా వెల్లడించాలి. మీ నియోజకవర్గ శాసనసభ్యుడిని, పార్లమెంటు సభ్యుడిని ఒకే ప్రశ్న అడగండి: 2017 బిల్లు నేడు ఎక్కడ ఉన్నది, దానికోసం మీరు ఏం చేశారు? జవాబు కాగితం మీద వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.