మెదడుకు ఎవరి ఆది?

జాకెట్టు కుట్టించుకునేటప్పుడు టైలరుకు ఆది జాకెట్టు ఇస్తాం. మన ఆది కాకుండా పక్కింటావిడది ఇచ్చి కుట్టమంటే ఎట్లా ఉంటుంది? భుజాల దగ్గర జారుతుంది, చంకల దగ్గర పట్టేస్తుంది. జాకెట్టయితే కుట్లు విప్పి సరిచేయించుకోవచ్చు. మెదడు సంగతి అట్లా కాదు కదా!

మెదడుకు ఆది ఏమిటని నవ్వకండి. కర్నూలులోనో కడపలోనో ఓ పెద్దావిడ మతిమరుపుతో ఆస్పత్రికి వెళ్తే డాక్టరు ఎం.ఆర్.ఐ. స్కాన్ రాయొచ్చు. ఎక్స్‌రేలు లేకుండా, పెద్ద అయస్కాంతం సాయంతో, ఉల్లిగడ్డను చక్రాల్లా కోసినట్టు మెదడును పొరలు పొరలుగా బొమ్మలు తీసే యంత్రం అది. కణతల లోపల, బాగా లోతున, రెండువైపులా ‘హిప్పోక్యాంపస్’ అనే భాగం ఉంటుంది. సముద్రగుర్రం ఆకారం. ఒక్కొక్కటి టీ చెంచాడు కూడా ఉండదు. పొద్దున ఏం తిన్నామో, తాళంచెవులు ఎక్కడ పెట్టామో గుర్తుండాలంటే అది బాగా పనిచేయాలి. అల్జీమర్స్ జబ్బులో ముందుగా కుంచించుకుపోయే భాగాల్లో అదొకటి.

కుంచించుకుపోయిందని కచ్చితంగా కొలిచి చెప్పాలంటే, మామూలుగా ఎంత ఉండాలో తెలియాలి. అందుకోసం ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మెదడు బొమ్మలను కంప్యూటరులో ఒకదానిమీద ఒకటి పేర్చి, సగటు తీసి ఓ పటం తయారుచేస్తారు. దాన్ని అట్లాస్ అంటారు. నేను ఆది అన్నది దీన్నే.

మరి ఆ ఆది ఇన్నాళ్లూ ఎవరిది? 1988లో తలైరాక్, టూర్నూ అనే ఫ్రెంచి నిపుణులు వెలువరించిన పటానికి మూలం, చనిపోయిన ఓ 60 ఏళ్ల ఫ్రెంచి మహిళ మెదడు. ఒకే ఒక్కావిడ! ఆమె కొలతలతోనే ఏళ్ల తరబడి ప్రపంచంలో ఎన్నో పరిశోధనలు నడిచాయి. తర్వాత 1990లలో కెనడాలోని మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ 305 మంది స్కాన్లతో ఇంకో పటం చేసింది. అందులో ఆడవాళ్లెంతమందో తెలుసా? 66 మంది! అందరి సగటు వయసు 23 ఏళ్ల పైచిలుకు.

మన దేశానికంటూ ఓ ఆది 2019లో హైదరాబాదు నుంచే వచ్చింది. అక్కడి ట్రిపుల్ ఐటీలో ప్రొఫెసర్ జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి, 100 మంది స్త్రీ పురుషుల స్కాన్లతో భారతీయుల మెదడు పటాన్ని తయారుచేసింది. పాశ్చాత్యులతోనే కాదు, చైనా, కొరియా వాళ్లతో పోల్చినా మన మెదడు ఎత్తు, వెడల్పు, పరిమాణం సగటున తక్కువేనని తేలింది. హిప్పోక్యాంపస్ లాంటి లోపలి భాగాల్లోనూ తేడా ఉంది. అంటే పరాయి ఆదితో కొలిస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా ‘తగ్గింది’ అని లెక్క వచ్చే ప్రమాదం ఉందన్నమాట.

చిన్నది అనగానే చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు. ఆడవాళ్ల మెదడు మగవాళ్లకంటే సగటున దాదాపు పదోవంతు చిన్నది. ఆ మాట పట్టుకుని పందొమ్మిదో శతాబ్దంలో పేరున్న శాస్త్రజ్ఞులే ఆడదానికి తెలివి తక్కువని రాసేశారు! పరిమాణాన్ని బట్టి తెలివిని తూచడం, కుండ సైజు చూసి పప్పు రుచి చెప్పడం లాంటిదే.

అయితే ఒక చిక్కుంది. హైదరాబాదు పటంలోని ఆ వందమందీ 21 నుంచి 30 ఏళ్లలోపు వాళ్లు. మతిమరుపు పట్టి పీడించేది అవ్వలను, తాతలను. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో, పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ. ఆది ఎవరికి ఎక్కువ అవసరమో దీన్నిబట్టే తెలియడంలేదూ?

ఇది కాని పనేమీ కాదు. మదనపల్లె దాటి కర్ణాటకలోకి వెళ్తే, కోలారు జిల్లాలో మామిడితోటల శ్రీనివాసపుర వస్తుంది. తెలుగు బాగా వినిపించే ఊరు. ఆ తాలూకా పల్లెల్లో 45 ఏళ్లు దాటినవాళ్లను బెంగళూరు ఐ.ఐ.ఎస్.సి.లోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ 2018 నుంచి ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వస్తోంది. పదివేల మందిని చేర్చుకోవాలని లక్ష్యం. జ్ఞాపకశక్తి పరీక్షలతోపాటు ఎం.ఆర్.ఐ. కూడా తీస్తారు. అట్లాంటి పని మన రాయలసీమ పల్లెల్లోనూ జరగాలి. కర్నూలులో, కడపలో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. వాటికి ఆ బాధ్యత అప్పగించమని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

అడిగేటప్పుడు షరతులూ పెట్టాలి. స్కాన్‌కు ఒప్పుకోవాల్సింది ఆ మనిషే. మొగుడో కొడుకో కాదు. ఫలితం ఆమెకు అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. పేరు బయటపెట్టకూడదు.

మనవైపు నుంచి కూడా కొన్ని భయాలు పోవాలి. స్కాన్ గదిలో అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి తాళిగొలుసుకు తగిలించుకున్న పిన్నీసులు, జడపిన్నులు, మెట్టెలు, నగలు అన్నీ తీసేయాల్సిందే. తాళి తీయడం అశుభమనే శంక ఉంటే, అంతసేపూ ఏ లోహమూ లేని పసుపుతాడు వేసుకోవచ్చేమో అక్కడి సిబ్బందిని అడగండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, ఒంట్లో ప్లేట్లూ రాడ్లూ ఉన్నా ముందే చెప్పి తీరాలి.

అంతకంటే ముందు మన ఇళ్లలో ఒక మాట మానాలి. ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగితే ‘అవ్వకు చాదస్తం’ అని నవ్వేస్తాం. అది థైరాయిడ్ వల్ల కావచ్చు, బి12 లోపం కావచ్చు, దిగులు కావచ్చు. ఇవన్నీ వైద్యంతో బాగుపడేవే. డిమెన్షియా అయినా తొందరగా తెలిస్తేనే మేలు. ఎప్పటినుంచి మరిచిపోతోందో, ఏమేం మరిచిపోతోందో ఓ కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఇంట్లో ప్రతి ఒక్కరి పుట్టినరోజూ, నక్షత్రమూ గుర్తుపెట్టుకున్న ఆమెకోసం మనం ఆ మాత్రం గుర్తుపెట్టుకోలేమా?