పుస్తకం కొలత, బ్యారెల్ కొలత

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. ఇక్కడ టెక్సాస్‌లో మాత్రం ఊరగాయ పెట్టుకున్నంత మామూలుగా గరాజ్‌లో కూర్చుని చేసుకుంటారు. కాల్చిన ఇత్తడి గొట్టాన్ని (దాన్ని కేస్ అంటారు) శుభ్రం చేసి, సైజుకు తెచ్చి, కొత్త ప్రైమర్ పెట్టి, తుపాకి మందు తూచి పోసి, పైన గుండు బిగిస్తారు. మా పక్కింటి పెద్దాయనకు ఇదే కాలక్షేపం.

మందు తూకం గురించి అందరూ మాట్లాడతారు. నాకు ఆసక్తి కలిగించింది మాత్రం చివరి పని. గుండును కేస్‌లోకి ఎంత లోతుకు దించాలి?

బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులు, వాటి మధ్య గట్లు ఉంటాయి. గుండు గిర్రున తిరుగుతూ వెళ్లేది వాటివల్లే. మందు అంటుకోగానే గుండు కేస్‌ను వదిలి, కాస్త ఖాళీ దాటి, ఆ గట్లను పట్టుకుంటుంది. ఆ ఖాళీ పేరు ‘జంప్’. గుండును పైకి ఉంచితే జంప్ తక్కువ, లోతుకు దించితే ఎక్కువ. ఈ తేడాను అంగుళంలో వెయ్యో వంతుల్లో లెక్కపెడతారు. మన జిరాక్స్ కాగితం మందమే దాదాపు నాలుగు వంతులు!

‘పుస్తకంలో కొలత ఉంటుంది కదా’ అంటారేమో. ఉంటుంది. .308 వించెస్టర్ తూటా మొత్తం పొడవు 2.810 అంగుళాలు దాటకూడదని అమెరికా ప్రమాణం. కానీ అది ఆ రకం రైఫిళ్లన్నిటిలోనూ పట్టడానికి పెట్టిన హద్దు. మీ రైఫిల్‌కు బాగా కుదిరే కొలత అదే కావాలని లేదు. పైగా గట్లకు తగిలేది గుండు మొన కాదు, దాని కింద ఉన్న ఒంపు. ఒకే డబ్బాలోని గుండ్ల మొనలు కూడా సమానంగా ఉండవు. అందుకే తెలిసినవాళ్లు ఆ ఒంపు దగ్గర కొలుస్తారు.

సరే, గట్లకు ఆనించేస్తే పోలా? అక్కడే ప్రమాదం. ఆనితే పీడనం పెరుగుతుంది. పేల్చని తూటాను బయటకు లాగితే గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని మందు ఒలికిపోవచ్చు. మరీ లోతుకు దించినా చిక్కే. కేస్‌లో చోటు తగ్గి, అలా కూడా పీడనం పెరగొచ్చు. అందుకే లోతు బాగా మార్చినప్పుడు మందు తగ్గించి మొదలుపెట్టాలి. పుస్తకంలో మందుకు రాసిన గరిష్ఠ హద్దును మాత్రం ఎవరూ దాటకూడదు.

బర్గర్ కంపెనీ తన వీఎల్‌డీ గుండ్లకు ఒక పద్ధతి చెప్పింది. 0.040 అంగుళాల తేడాతో నాలుగు లోతులు, ఒక్కోదానికి ఆరు తూటాలు, మొత్తం 24. మొదట పెద్ద అడుగులు, ఏది బాగుందో తేలాక దాని చుట్టూ చిన్న అడుగులు. మందు, ప్రైమర్, గుండు ఏదీ మార్చకూడదు. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎలా తెలుస్తుంది?

ఓసారి మూడు గుండ్లు ఒక్క నాణెం కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. నేను చప్పట్లు కొట్టాను. పెద్దాయన నవ్వలేదు. ‘‘మూడు అదృష్టం కావచ్చు. ఇంకోసారి కాల్చాక నమ్ముదాం’’ అన్నారు. ఆయన తూటాలు చేసేది జింకల వేటకి. గురి తప్పితే గాయపడిన జంతువు పొదల్లోకి పరిగెత్తి గంటల తరబడి బాధపడుతుంది. అందుకే వేటకి ఆయన ఎంచుకునేది అన్నిటికన్నా చిన్న గుంపు వేసిన లోతును కాదు. మ్యాగజైన్‌లో సాఫీగా పట్టి, గుండును కేస్ గట్టిగా పట్టుకుని, కాస్త అటూ ఇటూ అయినా గురి చెడని లోతును.

ఇంకో మాట. కాల్చేకొద్దీ గట్ల మొదలు అరిగి ముందుకు జరుగుతుంది, జంప్ పెరుగుతుంది. నిరుడు కుదిరిన కొలత ఈ ఏడు కుదరకపోవచ్చు. కాబట్టి డైరీలో కొలత పక్కన తేదీ, అప్పటిదాకా కాల్చిన తూటాల సంఖ్య కూడా రాసుకోవాలి.