భూగోళం చదివితే కూడు పుడుతుందా?



మన వార్షిక సంచికలో ప్రతి ఏటా యువత కర్తవ్యం గూర్చి, క్రమశిక్షణ గూర్చి, వరకట్నం గూర్చి వ్యాసాలు వస్తూనే ఉంటవి. అవి రాసేవాళ్ళు నాకన్నా బాగా రాస్తారు. నేను మాత్రం రూపాయల లెక్క ఒకటి మీ ముందు పెట్టదలచుకొన్నాను. డిగ్రీ అయిన తర్వాత భూగోళ శాస్త్రంలో పై చదువుకు పోతే, పెట్టిన ఖర్చు తిరిగి వస్తుందా రాదా?

ఇది ఊసుపోక పుట్టిన ప్రశ్న కాదు. వచ్చే ఏడాదికి నా బి.యస్సీ. పూర్తవుతుంది. మా నాయనకు బోగోలు దగ్గర ఉన్నది నాలుగెకరాలు, అందులో రెండు వట్టి ఇసుక నేల. నా పై చదువుకూ, మా చెల్లెలి చదువుకూ ఉన్న ఆధారం ఆ భూమే. నేను తప్పు రైలెక్కితే టిక్కెట్టు డబ్బులు ఇద్దరివీ పోతాయి.

నా ఆలోచన ఇంట్లో చెప్పినప్పుడు మా మామ నవ్వి, "దేశాల రాజధానులు బట్టీ పట్టేదానికి యూనివర్సిటీ దాకా పోవాలా అబ్బయా?" అన్నాడు. మామను తప్పు పట్టలేము. బడిలో మనకు పరిచయమైన భూగోళం అంతే గదా! సోషల్ అయ్యవారు గోడకు మ్యాపు తగిలించి, బెత్తంతో గోదావరిని చూపించి, గంట కొట్టగానే మ్యాపు చుట్టుకొని పోయేవారు. పదో తరగతి దాటిందంటే ఆ మ్యాపు మళ్ళీ కంట పడదు. మన చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో ఆ శాస్త్రం చెప్పేవి వెదికితే గాని దొరకవు. తిరుపతి, విశాఖ, హైదరాబాదు విశ్వవిద్యాలయాల్లో మాత్రం శాఖలు గలవు.

ముందు అప్పు పద్దు రాసుకుందాం. "భూగోళ పట్టభద్రులు కావలెను" అని పేరుపెట్టి పిలిచే ఉద్యోగాలు బహు తక్కువ. బి.యిడి. చేస్తే స్కూలు అసిస్టెంటు కావచ్చు, అక్కడ చరిత్ర వాళ్ళూ, అర్థశాస్త్రం వాళ్ళూ అదే వరుసలో నిలబడి ఉంటారు. లెక్చరరు పోస్టులు వేళ్ళ మీద లెక్కబెట్టవచ్చును. సివిల్ సర్వీసులకు భూగోళాన్ని ఆప్షనల్‌గా తీసుకొనేవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, దానికి ఆ డిగ్రీయే ఉండాలని నియమం లేదు, ఇంజనీర్లూ డాక్టర్లూ కూడా తీసుకొంటారు. ఇంకో చిత్రం వినండి. 2019లో మన రాష్ట్రంలో గ్రామ సచివాలయాల కోసం వేల సంఖ్యలో సర్వేయర్లను తీసుకొన్నారు. భూమిని కొలిచే ఉద్యోగం! అర్హతల్లో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ ఐ.టి.ఐ., సివిల్ డిప్లొమా వంటి చదువులకు చోటు దొరికింది గాని, భూమి పేరే పెట్టుకొన్న శాస్త్రానికి దొరకలేదు. పెళ్ళింట్లో పెళ్ళికొడుక్కే విస్తరి వెయ్యనట్టుంది.

ఇంతవరకు చూస్తే మా మామ మాటే నెగ్గింది. కాని ఉద్యోగం పేరు వేరు, పని వేరు. పని వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది.

మా తీరంలో రొయ్యల గుంటలు తెలియనివాడు లేడు. 1991లో కేంద్ర ప్రభుత్వం తీర ప్రాంత క్రమబద్ధీకరణ నోటిఫికేషను తెచ్చింది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీళ్ళు ఎంతవరకు వస్తాయో అక్కడ ఒక గీత, ఆ గీత నుంచి నేల వైపు 500 మీటర్లు ఆంక్షల్లోకి వచ్చాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ పరిధిలోని రొయ్యల చెరువులను తొలగించాలని తీర్పు చెప్పింది. తర్వాత 2005లో పార్లమెంటు తీర ప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి దారి మళ్ళించింది. చట్టం మంచిచెడ్డలు ఇక్కడ చర్చించబోను. నేను చెప్పేది ఆ గీత గురించి. అది ఏ గట్టు మీదుగా పోతుందన్న దాన్ని బట్టి ఒకడి గుంట లక్షలు చేస్తుంది, పక్కవాడిది ఎందుకూ కొరగాదు. ఆ గీత గీసేది వకీలు కాదు, కలెక్టరూ కాదు. ఉపగ్రహ చిత్రం చదవగలిగినవాడు, పోటు పాటు తెలిసినవాడు, ఇసుక మేటకూ మొగకూ తేడా ఎరిగినవాడు. ఆ విద్య పేరు భూగోళం కాకపోతే మరేంది?

భూముల రీసర్వే సంగతి రైతు బిడ్డలందరికీ తెలుసు. దాదాపు నూరేళ్ళ తర్వాత 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో మళ్ళీ కొలత మొదలైంది. గొలుసు లాగే రోజులు పోయి డ్రోన్లు, రోవర్లు వచ్చాయి. పరికరం సెంటీమీటర్లలో చెబుతుంది, నిజమే. కాని పాత అడంగల్‌లో ఒక విస్తీర్ణం, కొత్త కొలతలో ఇంకో విస్తీర్ణం వచ్చినప్పుడు, వాగు పక్కకు జరిగిందా, గట్టు జరిపారా, పాత పటమే తప్పా అని తేల్చేది పరికరం కాదు. నెల్లూరు వైపు ఇంటి స్థలం అంకణాల్లో బేరమాడతాం. అంకణం అంటే 36 చదరపు అడుగులు. అంకణం తేడా వస్తే అన్నదమ్ములు మాట్లాడుకోని ఊళ్ళు ఉన్నాయి. అలాంటిచోట సెంట్ల తేడా వస్తే ఏం జరుగుతుందో చెప్పాలా?

మా మండలంలోనే జువ్వలదిన్నె దగ్గర చేపల రేవు కట్టారు. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం 1999 నుంచి ఉంది. సముద్రపు నీటి వేడిమినీ, అందులోని పచ్చదనాన్నీ ఉపగ్రహాలు కనిపెడితే, చేపలు ఏ దిక్కున, ఎంత దూరంలో దొరికే వీలుందో ఆ కేంద్రం తెలుగులో కూడా చెబుతుంది. వల వెయ్యకముందే డీజిలు మిగులుతుంది. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ అక్కడి నుంచే. శ్రీహరికోట నుంచి రాకెట్టు లేస్తే మనం మిద్దెలెక్కి చూసి చప్పట్లు కొడతాం. అది మోసుకుపోయిన కెమెరా పంపే బొమ్మలను ఎవరు చదువుతారు అని అడిగేవాడు తక్కువ.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ శాస్త్రానికి పెద్ద పెద్ద చోట్లే అవమానం జరిగింది. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయం 1948లో భూగోళ శాఖను మూసివేసింది. కాని ఆ తర్వాత పదిహేనేళ్ళకే, పక్కనున్న కెనడాలో రోజర్ టామ్లిన్సన్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు దేశంలోని నేలల లెక్కను కంప్యూటరులోకి ఎక్కించే పనికి పూనుకొన్నాడు. ఇప్పుడు జి.ఐ.యస్. అని మనం పిలిచే విద్య అక్కడ మొదలైంది. మన దేశంలో పటాల మీద ఉన్న కట్టుబాట్లను 2021 ఫిబ్రవరిలో బాగా సడలించారు, 2022లో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది. 2016లోనే ఆపిల్ కంపెనీ తన మ్యాపుల పనికి హైదరాబాదును ఎంచుకొంది.

అయితే అందరూ భూగోళం చదవండని నేను చాటింపు వెయ్యడం లేదు. పుస్తకం బట్టీ పట్టి తెచ్చుకొన్న డిగ్రీకి నేటి బజారులో ధర లేదు. హైదరాబాదులో పటాలు కంప్యూటరుకెక్కించే పనికి మొదట్లో ఇచ్చే జీతం సాఫ్ట్‌వేర్ జీతంతో తూగదు, గది అద్దె పోను ఇంటికి పంపేది అంతంత మాత్రమే. కాని గణితం, భౌతికశాస్త్రం వచ్చిన మనలాంటివాడు సర్వే, ఉపగ్రహ చిత్రం, కంప్యూటరు కలిపి నేర్చుకొంటే అక్కడే ఆగిపోడు. ఇంజనీరింగు యాజమాన్య కోటా సీటుకు ఎకరం అమ్మి, చివరికి వేరే పని చూసుకొన్నవాళ్ళను మా ఊళ్ళోనే చూశాను. ఆ లెక్కన యూనివర్సిటీలో యం.యస్సీ. రెండేళ్ళు చవక. పోతే రెండేళ్ళు పోతాయి గాని పొలం పోదు. భద్రమైన ఉద్యోగం అనే మాట కూడా నాకు అంతగా ఆనదు. ఆవిరి ఇంజన్ల కాలంలో మా బిట్రగుంట షెడ్డులో పని అంటే పిల్లనిచ్చేవాళ్ళు క్యూ కట్టేవారట. ఆవిరితో పాటు ఆ వైభవమూ పోయింది.

ప్రభుత్వానికి మనం చెప్పవలసింది ఒకటుంది. సర్వే, విపత్తుల నివారణ, పట్టణ ప్రణాళిక నోటిఫికేషన్లు వేసేటప్పుడు అర్హతల్లో భూగోళాన్నీ చేర్చమని గట్టిగా అడగాలి. చేర్చకపోతే పిల్లలు చేరరు; పిల్లలు లేరని శాఖ మూస్తారు; శాఖ లేదు గనుక అర్హుల్లేరంటారు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి గదా.

మన సంఘం వాళ్ళకూ ఒక మనవి. క్యూ.జి.ఐ.యస్. అనే సాఫ్ట్‌వేరు ఉచితం. ఇస్రో వారి భువన్‌లో మన ఊళ్ళ చిత్రాలు 2009 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నాయి. సంఘం నిధి నుంచి ఒక నేర్పరిని పిలిపించి మూడు నెలల తరగతి పెట్టించండి. బి.ఏ. వాళ్ళనూ రానివ్వండి. మొదటి పనిగా ఎవరి ఊరి పటం వాళ్ళు గీద్దాం. కంప్యూటర్ ల్యాబు సాయంత్రం నాలుగున్నర తర్వాత ఖాళీగానే ఉంటోంది. తాళంచెవి కోసం దరఖాస్తు నేను రాసిపెట్టాను, సంతకాలు కావాలి.